సీటీ యాంజియో అయ్యాక మళ్ళీ థాలియం స్కాన్ ఎందుకు?

మీ నాన్నగారికి సీటీ యాంజియోలో (గుండె రక్తనాళాలను చూపే సీటీ స్కాన్) బ్లాక్ కనిపించింది, అయినా ఇంకో స్కాన్ రాశారు, ఇదంతా డబ్బుల కోసమేనా అని అడిగారు. రెండేళ్ళ కిందట తిరుపతిలో ఇదే అనుమానంతో నేను డాక్టరు దగ్గర గట్టిగానే మాట్లాడాను.

మా నాయనకు గుండె ముందు భాగానికి వెళ్ళే రక్తనాళంలో 60-70 శాతం బ్లాక్ అని సీటీ రిపోర్టు. కానీ అక్కడ కాల్షియం బాగా పేరుకుని ఉంది. సీటీలో కాల్షియం ఉన్నదానికంటే లావుగా వెలుగుతుంది, దాంతో బ్లాక్ కూడా పెద్దగా కనబడుతుంది. పైగా నాళం ఎంత సన్నబడిందో తెలుస్తుందే తప్ప, గుండె కండరానికి రక్తం చాలుతోందో లేదో తెలియదు. మాది చిత్తూరు పక్క మామిడి తోట. నాయనే తేల్చేశాడు: "డ్రిప్పు పైపుకు ఉప్పు పట్టిందని తెలిసింది సరే. చెట్టు వాడిందా లేదా చూడద్దా?"

ఆ చెట్టును చూసేదే రెండో స్కాన్. అందరూ థాలియం అనే అంటారు గానీ ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేది టెక్నీషియం, రక్తంతోపాటు గుండె కండరానికి చేరే రేడియేషన్ మందు; 6 గంటలకు దాని రేడియేషన్ సగమవుతుంది. గుండెను శ్రమపెట్టి ఒకసారి, విశ్రాంతిలో ఒకసారి ఫొటోలు తీస్తారు. శ్రమలో మాత్రమే రక్తం తగ్గితే బ్లాక్ నిజంగా ఇబ్బంది పెడుతున్నట్టు. రెండింట్లోనూ తగ్గితే పాత దెబ్బ కావచ్చు.

నాయనకు ముందు భాగం బాగుంది. కింది గోడలో మాత్రం మచ్చ! మాకు ఒకటే టెన్షన్. అదే మిషన్‌లో ఉన్న సీటీతో సరిచేసి చూస్తే మచ్చ పోయింది, అది డయాఫ్రం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరం) అడ్డొచ్చి పడిన నీడ. స్టెంట్ వేయలేదు, మందులతోనే తోట పని చూసుకుంటున్నాడు.

అలాగని ఈ స్కాన్ ఒక్కటే చాలదు. గుండెకు రక్తమిచ్చే మూడు ముఖ్య నాళాలూ ఒకేలా మూసుకుపోతే రక్తం అన్నివైపులా సమానంగా తగ్గుతుంది. పోల్చడానికి మంచి భాగమే ఉండదు, ఫొటో మామూలుగా కనిపించొచ్చు. అలాంటిచోట పట్టించేది సీటీయే.

స్కాన్‌లో గుండెను శ్రమపెట్టడానికి, మోకాళ్ళ నొప్పులుంటే ట్రెడ్‌మిల్ బదులు ఇంజెక్షన్ ఇస్తారు. దానికి ముందురోజు నుంచే కాఫీ, టీ ముట్టకూడదు. మా నాయన బస్టాండులో దిగీ దిగగానే కాఫీ తాగేశాడు, ఇంజెక్షన్ సరిగా పనిచేయదని వెనక్కి పంపారు. పాత సీటీ సీడీ కూడా పట్టుకెళ్ళండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. కూర్చుని ఉన్నా నొప్పి వస్తుంటే మాత్రం స్కాన్ తేదీ కోసం ఆగొద్దు, ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.