టమాటా మొక్క పచ్చగా ఉండగానే వాడిపోతుంటే

అమ్మా, రాయగడలో మీ పెరటి టమాటాలు ఆకులు పచ్చగా ఉండగానే రెండు రోజుల్లో వాలిపోయాయని, ఎన్ని నీళ్లు పోసినా తేరుకోలేదని రాశారు. అది దాహం కాదు, దయచేసి ఇక నీళ్లు పోయకండి.

ముందు వాడిన మొక్క కాండాన్ని మొదట్లో కోసి, ఆ కోసిన కొసను గాజు గ్లాసులోని తేట నీటిలో కదలకుండా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో పాలవంటి తెల్లని దారాలు కిందికి జారితే అది రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియా తెచ్చే ఎండు తెగులు. దారాలు రాకుండా, కింది ఆకులు ముందే పసుపెక్కి, కాండం లోపల గోధుమ రంగు చార కనిపిస్తే ఫ్యుజేరియం అనే శిలీంధ్రాన్ని అనుమానించాలి. వేళ్లకు బుడిపెలుంటే నులిపురుగులు.

మీరు చెప్పిన తీరు చూస్తే నాకు మొదటిదే అనిపిస్తోంది. పర్లాకిమిడిలో మా పెరట్లోనూ వానాకాలంలో అదే వచ్చింది, చాలా బాధపడ్డాను. సోకిన మొక్కను బతికించే మందు లేదు. వేళ్లతో, చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి సంచిలో కట్టి పారేయండి. ఎరువు గుంటలో మాత్రం వేయకండి. కోసిన కత్తిని శుభ్రంగా కడగండి.

ఆ చోట కొన్నేళ్లు వంగ, మిరప, బంగాళాదుంప కూడా వద్దు, మొక్కజొన్న వేసుకోవచ్చు. టమాటా కావాలంటే నీరు నిలవని ఎత్తు మడిలోనో, కొత్త మట్టి నింపిన కుండీలోనో అర్క రక్షక్ నాటండి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన ఆ రకం ఈ తెగులును తట్టుకుంటుంది.