అమరావతి మ్యూజియం దొరకలేదా? మ్యాప్‌లో కొట్టిన పేరు చూడండి

విజయవాడ నుంచి బౌద్ధ శిల్పాలు చూద్దామని బయల్దేరితే మ్యాప్ వెలగపూడి సచివాలయం దగ్గర దింపిందా? ఉత్త 'అమరావతి' అని కొట్టి ఉంటారు. మ్యూజియం ఉన్నది రాజధాని వైపు కాదండీ, పాత అమరావతి ఊళ్లో.

1. 'అమరావతి ఆర్కియాలజికల్ మ్యూజియం' అని పూర్తిగా కొట్టండి. ఆగండి, అప్పుడే స్టార్ట్ నొక్కొద్దు. మ్యాప్‌ని కాస్త పెద్దది చేసి, దగ్గర్లో అమరేశ్వరస్వామి గుడి, పక్కనే కృష్ణా నది ఉన్నాయో లేదో చూసుకోండి. అందరూ వదిలేసేది ఇదే. బస్సయితే కండక్టర్‌ని 'అమరేశ్వరుడి గుడి దాకా వెళ్తుందా' అని అడిగితే చాలు.

2. శుక్రవారం సెలవు.

3. లోపల పూర్ణకుంభం చెక్కిన పాలరంగు సున్నపురాయి పలక దగ్గర కాసేపు నిలబడండి. మన రాష్ట్ర చిహ్నంలోని కుంభం అమరావతి శిల్పకళలోంచి వచ్చిందే. శిల్పాలు ఇన్నేనా అనిపిస్తే టెన్షన్ పడొద్దు, చాలావరకు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి (మనవే, ఏం చేస్తాం).

4. మహాచైత్యం (పాత బౌద్ధ స్తూపం) దిబ్బ దగ్గర్లోనే. ఎండెక్కక ముందే చూసేయండి.