డిస్నీ గిఫ్ట్ కార్డులు తక్కువ ధరకు కొంటే నిజంగా ఎంత మిగులుతుంది? మా ఆరుగురి ప్రయాణం లెక్క

మీరు అడిగినది ఇది: మీ దంపతులు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు కలిసి డిసెంబరు చివరలో ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు వెళ్దామనుకుంటున్నారు, డిస్నీ గిఫ్ట్ కార్డులను బయటి దుకాణాల్లో తక్కువ ధరకు కొని వాటితో ఖర్చంతా చెల్లిస్తే చాలా మిగులుతుందని మీ ఆఫీసులో ఎవరో చెప్పారు, అది నిజమా, శ్రమకు తగ్గ ఫలితం ఉంటుందా అని మీ సందేహం. అచ్చంగా ఇదే లెక్క మేము 2024 ఆగస్టులో మొదలుపెట్టి 2025 జనవరి చివరి వారంలో ముగించాము. మేమూ ఆరుగురమే: మేమిద్దరం, ఎనిమిదేళ్ల అమ్మాయి, మూడేళ్ల అబ్బాయి, తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య, మామయ్య. మాది అట్లాంటా కనుక విమానం ఖర్చు లేదు, కారులో ఏడు గంటల ప్రయాణం.

ముందుగా సూటి సమాధానం: మిగులుతుంది, కానీ మీ సహోద్యోగి చెప్పినంత కాదు. మేము ముఖ విలువ ప్రకారం 5,000 డాలర్ల కార్డులు కొన్నాము. అందులో 3,000 డాలర్ల విలువైనవి టార్గెట్‌లో, ఆ దుకాణం వారి సర్కిల్ కార్డుతో 5 శాతం తగ్గింపుకు దొరికాయి. అంటే 150 డాలర్లు. మిగిలిన 2,000 డాలర్లవి సభ్యత్వం ఉన్న హోల్‌సేల్ క్లబ్బులో, దాదాపు 4 శాతం తక్కువకు వచ్చాయి. అంటే మరో 80. మొత్తం 230 డాలర్లు. ఈ అంకె చెప్పగానే మా అత్తయ్య అలవాటు ప్రకారం డాలరుకు 86 రూపాయల చొప్పున హెచ్చవేసి, "ఇరవై వేలా బాబూ, మరి అందరూ ఇలాగే కొనరెందుకు?" అన్నారు.

అయితే ఆ 230లో ఒక మెలిక ఉంది. నా దగ్గర ఏది కొన్నా 2 శాతం వెనక్కి ఇచ్చే మామూలు క్రెడిట్ కార్డు ఒకటి ఉంది. గిఫ్ట్ కార్డుల జోలికి పోకుండా ఆ కార్డుతోనే డిస్నీకి నేరుగా చెల్లించి ఉంటే టార్గెట్‌లో పెట్టిన సొమ్ముపై ఎలాగూ 60 డాలర్లు వచ్చేవి. క్లబ్బులో మాత్రం కార్డులు కొనడానికి అదే క్రెడిట్ కార్డును వాడాను కనుక అక్కడ రెండు లాభాలూ కలిశాయి. అంటే నికరంగా గిఫ్ట్ కార్డుల వల్ల మాకు మిగిలింది 170 డాలర్లు. క్లబ్బు సభ్యత్వం మాకు బియ్యం, పాలు, డైపర్ల కోసం ఎప్పటినుంచో ఉంది. మీరు కేవలం ఇందుకోసమే చేరితే ఏడాది రుసుమును కూడా ఇందులోంచి తీసివేయాలి. కొన్ని క్రెడిట్ కార్డులు సూపర్ మార్కెట్ ఖర్చు మీద 6 శాతం దాకా ఇస్తాయి, వాటితో అక్కడి గిఫ్ట్ కార్డులు కొనవచ్చని చెప్పేవారు ఉన్నారు. ఆ కార్డుల షరతుల్లో గిఫ్ట్ కార్డుల కొనుగోళ్లను ఈ లాభం నుంచి మినహాయించే వాక్యం ఎక్కడో ఒకచోట ఉంటుంది, కనుక ముందు దానిని వెతికి చదవండి. నేను ఆ దారిలో వెళ్లలేదు.

టార్గెట్ కార్డు విషయంలో ఒక మాట. అమెరికాకు కొత్తగా వచ్చి క్రెడిట్ చరిత్ర ఏర్పడనివారు అది తమకు రాదనుకుంటారు. అందులో మీ బ్యాంకు ఖాతాకు ముడిపెట్టుకునే డెబిట్ కార్డు కూడా ఉంది, దానికీ అదే 5 శాతం తగ్గింపు వస్తుంది. మా తమ్ముడు హెచ్‌1బీ మీద వచ్చిన రెండో నెలలోనే అది తీసుకున్నాడు.

ఇక చెల్లింపు ఎలా జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే ఈ పద్ధతికి ఉన్న అసలు సౌకర్యం అక్కడే ఉంది. గది, టికెట్లు కలిపిన ప్యాకేజీని డిస్నీ వారి దగ్గర బుక్ చేసుకుంటే మొదట 200 డాలర్ల డిపాజిట్ కడితే చాలు, మిగతాదంతా అక్కడికి చేరే తేదీకి 30 రోజుల ముందు కట్టాలి. ఈ మధ్యకాలంలో ఎప్పుడు వీలైతే అప్పుడు, ఎంత వీలైతే అంత విడతలుగా కట్టుకోవచ్చు. మా ప్యాకేజీ 4,300 డాలర్లయింది. డిపాజిట్ క్రెడిట్ కార్డుతో కట్టి, ఆగస్టు నుంచి డిసెంబరు వరకు ప్రతి జీతానికీ ఒకటి రెండు గిఫ్ట్ కార్డులు కొంటూ, కొన్నవాటిని వెంటనే ఆ ఖాతాలో జమ చేస్తూ వచ్చాము. ఊళ్లో చీటీ కట్టినట్టుగా ఉందని మామయ్య అన్నారు గానీ, చీటీ నడిపేవారికి కమీషనుగా పోయే భాగం ఇక్కడ మనకే వస్తోంది.

చిన్న చిన్న కార్డులు పోగైతే ఒక్కో నంబరూ కొట్టడం విసుగు పుట్టిస్తుంది. డిస్నీ గిఫ్ట్ కార్డుల వెబ్‌సైటులో ఒక కార్డులోని సొమ్మును మరో కార్డులోకి మార్చుకునే వీలుంది, ఒక్కో కార్డులో 1,000 డాలర్ల దాకా నింపవచ్చు. మేము అలా నాలుగు పెద్ద కార్డులు తయారుచేసుకున్నాము. ఖాళీ అయిన కార్డుల విషయంలో నేను చేయబోయిన తప్పు మీరు చేయవద్దు: బ్యాలెన్స్ సున్నా అయిందని వాటిని చెత్తబుట్టలో వేయబోతుంటే మా ఆవిడ ఆపింది. బుకింగు రద్దు చేసుకున్నా, ధర తగ్గి కొంత వెనక్కి వచ్చినా ఆ సొమ్ము సాధారణంగా ఏ కార్డు నుంచి కట్టారో దానికే తిరిగి వెళ్తుంది. అందుకే అన్ని కార్డులనూ, వాటి రసీదులతో సహా, ఖాళీ బోర్న్‌విటా డబ్బాలో వేసి, ఒక్కోదాని వెనుక నల్ల మార్కరుతో కొన్న తేదీ, దుకాణం, మిగిలిన బ్యాలెన్స్ రాసి పెట్టుకున్నాము. నవంబరులో అదే గదికి డిస్నీ వారు తగ్గింపు ప్రకటించినప్పుడు ఫోను చేసి మార్పించుకుంటే 140 డాలర్లు వెనక్కి వచ్చాయి, అవి పడింది సరిగ్గా నేను పారేయబోయిన కార్డులోనే.

రసీదులు దాచమనడానికి ఇంకో కారణం ఉంది, అది కాస్త చేదు అనుభవం. అక్టోబరులో ఒక దుకాణంలో (పేరు వద్దు) హుక్కుకు వేలాడుతున్న 100 డాలర్ల కార్డు ఒకటి తొందరలో తీసుకున్నాను. ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర నాణెంతో వెనుక ఉన్న వెండిరంగు పూతను గీకుతుంటే, అది పొడిలా రాలకుండా స్టిక్కరులా పొరగా ఊడివచ్చింది. అనుమానం వచ్చి బ్యాలెన్స్ చూస్తే 100 ఉంది. సరేలే అని పడుకున్నాను. మర్నాడు సాయంత్రానికి సున్నా. దొంగలు దుకాణంలోనే పూత గీకి, కార్డు నంబరు, పిన్ రాసుకుని, పైన కొత్త స్టిక్కరు అంటించి తిరిగి వేలాడదీస్తారట. మనం కౌంటరులో సొమ్ము కట్టి కార్డును క్రియాశీలం చేసిన క్షణం నుంచి వాళ్లు ఎదురుచూస్తుంటారు. రసీదు ఉండడంవల్ల, మూడు ఫోన్ల తరువాత నాకు మారు కార్డు ఇచ్చారు. ఆ రోజు నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. వరుసలో ముందున్న కార్డును తీసుకోను, ప్యాకెట్టును వెలుతురులో పట్టి అంచులు, పూత చూస్తాను. కొన్న గంటలోపే సొమ్మును ప్యాకేజీ ఖాతాలో జమ చేస్తాను. ఈమెయిలు ద్వారా వచ్చే కార్డు దొరికితే ఈ గీకుడు బెడదే ఉండదు. ఎవరో మిగిలిపోయిన కార్డులను 10, 15 శాతం తక్కువకు అమ్ముతున్నారని కనిపించే ప్రకటనల వైపు మాత్రం చూడనే చూడకండి. అమ్మినవాడి దగ్గర పిన్ ఇంకా ఉంటుందన్న సంగతి ఒక్కటి చాలు.

గిఫ్ట్ కార్డుతో కట్టినప్పుడు పోగొట్టుకునేవి కూడా ఉన్నాయి. మంచి ప్రయాణ క్రెడిట్ కార్డుతో నేరుగా కడితే కొన్నింటికి ప్రయాణం రద్దయినప్పుడు వర్తించే బీమా లాంటి రక్షణలు ఉంటాయి, గిఫ్ట్ కార్డుకు అవేమీ ఉండవు. పెద్దవాళ్లతో వెళ్తున్నారు గనుక ఇది ఆలోచించవలసిన విషయమే. మామయ్యకు బీపీ ఉండడంవల్ల మేము విడిగా తక్కువ ఖరీదు బీమా తీసుకున్నాము. పైగా ప్రయాణం మొత్తంగా మానుకుంటే మీ సొమ్ము డాలర్లుగా చేతికి రాదు, డిస్నీ కార్డుల్లో ఇరుక్కుని ఉంటుంది. ఆ కార్డులకు గడువు తీరడమనేది లేదు, కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండులోనూ చెల్లుతాయి, కానీ వాటితో ఇంటి అద్దె కట్టలేము. మరీ ముఖ్యంగా, క్రెడిట్ కార్డు బాకీని నెలాఖరుకు పూర్తిగా తీర్చలేని పరిస్థితిలో ఉంటే ఈ పద్ధతి వద్దే వద్దు. ఏడాదికి 20 శాతం పైన వడ్డీ కడుతూ 5 శాతం తగ్గింపు కోసం పరుగెత్తితే మూడు నెలల్లోనే లాభం హరించుకుపోతుంది.

అక్కడికి వెళ్లాక కూడా కార్డులు బాగానే పనికివచ్చాయి. మిగిలిన 900 డాలర్ల కార్డులను భోజనాలకు, బొమ్మలకు అట్టిపెట్టాము. చేతికి కట్టుకునే మ్యాజిక్ బ్యాండుతో కొన్నవన్నీ గది ఖాతాలో పడతాయి, దాని వెనుక మీ క్రెడిట్ కార్డు ఉంటుంది. గది ఖాళీ చేసే ముందు రాత్రి హోటలు కౌంటరుకు వెళ్లి గిఫ్ట్ కార్డులతో ఆ ఖాతా తీర్చమంటే తీరుస్తారు. డిస్నీ వారి షాపింగ్ ప్రాంతమైన డిస్నీ స్ప్రింగ్స్‌లో బయటి సంస్థలు నడిపే కొన్ని దుకాణాల్లో, భోజనశాలల్లో ఈ కార్డులు చెల్లవు, అడిగి కూర్చోండి.

ఇప్పుడు మీరు అడగకపోయినా చెప్పవలసిన సంగతి. గిఫ్ట్ కార్డులతో మాకు మిగిలిన 170 డాలర్లు, ప్రయాణం తేదీ మార్చుకోవడంవల్ల మిగిలినదాని ముందు ఏ మూలకూ రావు. మేము కూడా మొదట క్రిస్మస్ వారమే అనుకున్నాము. డిస్నీ టికెట్టు ధర రోజును బట్టి మారుతుంది. 2025లో ఒక రోజు పెద్దల టికెట్టు తక్కువ రద్దీ రోజుల్లో 120 డాలర్ల దగ్గర మొదలై, పండుగ రోజుల్లో అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు 200 దరిదాపులకు చేరింది. గదుల ధరలూ అదే తీరు. మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. మా అబ్బాయికి జనవరి మొదటి వారంలోనే మూడేళ్లు నిండాయి కనుక జనవరికి మార్చుకోవడంవల్ల వాడికి కొత్తగా టికెట్టు కొనవలసి వచ్చింది, అయినా మొత్తం మీద వెయ్యి డాలర్లకు పైగా తగ్గింది. అమ్మాయికి నాలుగు రోజుల బడి పోయింది, ఉదయాలు స్వెట్టరు వేసుకోవలసినంత చలి ఉంది. మా పెద్దవాళ్లు మాత్రం ఎండ లేదని సంతోషించారు. క్రిస్మస్ వారం జనంలో మామయ్య మోకాళ్లతో ఎంతసేపు నిలబడేవారో నేను ఊహించలేను.

గది విషయంలో మీకూ మా సమస్యే వస్తుంది: డిస్నీ వారి తక్కువ ధర హోటళ్లలో మామూలు గదికి నలుగురికి మించి ఇవ్వరు. రెండు గదులు తీసుకోవడానికి బదులు ఆల్ స్టార్ మ్యూజిక్ హోటల్‌లో ఆరుగురు పట్టే ఫ్యామిలీ సూట్ తీసుకున్నాము. అందులో చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటాయి. డిస్నీ హోటల్లో దిగినవారికి హోటలు దగ్గరా, పార్కుల దగ్గరా కారు పార్కింగు ఉచితం. పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దంటారు. అత్తయ్య తెచ్చిన ఆవకాయ గాజు సీసాలోనే ఉంది. మొదటి రోజు ఉదయం ఆమె హోటలు గదిలో సింకు పక్కన నిలబడి, ఒక్క చుక్క నూనె కూడా వృథా కాకుండా దానిని ప్లాస్టిక్ డబ్బాలోకి వంచడానికి పట్టిన సమయంలో మేము మొదటి బస్సు తప్పిపోయాము. చపాతీలు, ఆవకాయ, పెరుగుతో మధ్యాహ్నం గడిచిపోయేది, భోజనశాలల కౌంటర్లలో అడిగితే గ్లాసుల్లో చల్లటి మంచినీళ్లు ఉచితంగా ఇచ్చేవారు. శాకాహారులైన పెద్దవాళ్లకు ఇది డబ్బు ఆదా కన్నా పెద్ద సౌకర్యం. రామోజీ ఫిల్మ్ సిటీలో కూడా ఇంత నడవలేదని మామయ్య రోజూ అన్నారు గానీ, రోజూ రాత్రి బాణసంచా అయిపోయేదాకా కదల్లేదు.

మీ అమ్మానాన్నలు ఫిబ్రవరి దాకా ఉంటారని రాశారు. అదే అయితే ముందుగా జనవరి చివరి రెండు వారాల ధరను డిసెంబరు చివరి వారంతో పోల్చి చూడండి. ఆ తరువాత డిస్నీ అధీకృత విక్రేతల దగ్గర టికెట్లు మాత్రమే కొంటే ఎంతవుతుందో కూడా చూడండి. ఒక్కోసారి అక్కడి తగ్గింపు గిఫ్ట్ కార్డు తగ్గింపును మించుతుంది, కానీ వాళ్లకు డిస్నీ కార్డులతో చెల్లించలేరు, కనుక రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. ఆ రెండూ తేలేదాకా ఒక్క కార్డు కూడా కొనకండి. తేలాక డిపాజిట్ కట్టి, చివరి చెల్లింపు గడువును క్యాలెండరులో రాసుకుని, నెలకు ఎంత కొనగలరో అంతే కొనండి.

మా బోర్న్‌విటా డబ్బాలో ఇప్పుడు 11 డాలర్ల 40 సెంట్లున్న కార్డు ఒక్కటే మిగిలింది. మా అబ్బాయి దానిని తన బొమ్మ కారుకు టోల్ కార్డుగా వాడుకుంటున్నాడు.