అద్దెతో ఈఎంఐ తీరుతుందా?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి 1.10 లక్షలు వస్తుంది. దాచుకున్నది 28 లక్షలు. మియాపూర్‌లో 80 లక్షలకు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొని అద్దెకు ఇద్దామనుకుంటున్నాను. 60 లక్షలు లోను తీసుకుంటే, 22 వేల అద్దెతో చాలావరకు తీరిపోతుందంటున్నారు. హన్మకొండలో నాన్నగారి ఇంటిపై ఒక అంతస్తు వేసే వీలు కూడా ఉంది. ఏది మేలు?

జవాబు: అద్దెతో మీ లోను తీరదు. 60 లక్షలకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు 52 వేలు. ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉండి, ఆస్తి పన్ను, రంగులు, ప్లంబింగ్ పనులకు 30 వేలు పోతే, ఏడాదికి మీకు మిగిలే అద్దె 2.12 లక్షలు. అంటే నెలనెలా 34 వేలు జీతంలోంచి కట్టాలి, అదీ ఏళ్ల తరబడి.

నాకు అంతకన్నా భయంగా ఉన్నది మీ చేతిలో మిగిలే డబ్బు గురించి. సొంతంగా పెట్టేది 20 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం చొప్పున 6 లక్షలు. ఇక మిగిలేది 2 లక్షలే. ఉద్యోగం పోతే ఎక్కువ కాలం నెట్టుకురాలేరు. దయచేసి ఈ పని చేయకండి.

వడ్డీకి పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా చెబితే, మీరు ఏ పన్ను విధానంలో ఉన్నారో చూసుకోండి. కొత్త విధానంలో అద్దెకిచ్చిన ఇంటిపై వచ్చిన నష్టాన్ని, అంటే అద్దెకన్నా ఎక్కువైన వడ్డీని, జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు. పాత విధానంలోనైనా ఏడాదికి 2 లక్షల వరకే.

నన్నడిగితే హన్మకొండే నయం. స్థలం కొనక్కర్లేదు, రిజిస్ట్రేషన్ భారం అంతగా ఉండదు. 20 లక్షల్లో పైఅంతస్తు పూర్తయి, నెలకు 10 వేలు అద్దె వస్తే, ఖర్చులు తీయకముందు పెట్టుబడిపై ఏడాదికి 6 శాతం. మియాపూర్‌లో రిజిస్ట్రేషన్‌తో కలిపి 86 లక్షలు పెడితే, ఖర్చులు పోను 2.5 శాతం కూడా రాదు. పైగా నాన్నగారు కిందే ఉంటారు కాబట్టి, మోటారు చెడిపోయిందని అద్దెకున్నవాళ్లు మీకు ఫోన్ చేసే టెన్షన్ ఉండదు. అద్దెకు ఇచ్చేటప్పుడు ఒప్పందం రాసుకోండి, రెండు నెలల అడ్వాన్సు తీసుకోండి. తెలిసినవాళ్లయినా సరే.

అయితే పునాది పైఅంతస్తు బరువు మోస్తుందో లేదో ఇంజినీరుకు చూపించి, మున్సిపల్ అనుమతి తీసుకోండి. ఇల్లు నాన్నగారి పేరున ఉంది కాబట్టి తోబుట్టువులతో ఇప్పుడే మాట్లాడండి. పైఅంతస్తు హక్కు మీ పేరున గిఫ్ట్ డీడ్‌గా రిజిస్టర్ అయ్యాకే మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వండి.