బాండ్ సినిమాలలో నా ఓటు ‘ది లివింగ్ డేలైట్స్’కే

ప్రశ్న: జేమ్స్ బాండ్ సినిమాలలో మీకు అన్నిటికంటే ఇష్టమైనది ఏది? ఎందుకు?

1987లో వచ్చిన ‘ది లివింగ్ డేలైట్స్’. తిమోతీ డాల్టన్ బాండ్‌గా నటించిన మొదటి సినిమా. ఈ జవాబు చెప్పగానే కొందరు ‘ఆ పేరుతో ఒక బాండ్ సినిమా ఉందా?’ అంటారు. వారితో పేచీ లేదు, చూడమని చెబితే సరిపోతుంది. ‘కానరీ, మూర్, క్రెయిగ్ ఉండగా ఈ డాల్టన్ ఎందుకండీ?’ అనేవారితోనే నాకు వాదన.

1962లో ‘డాక్టర్ నో’తో మొదలుపెట్టి 2021లో ‘నో టైమ్ టు డై’ వరకు ఈయాన్ సంస్థ 25 బాండ్ చిత్రాలు తీసింది. ఆరుగురు నటులు మారారు. ఇంత పొడవైన వరుసలో ఎవరు ఏ వయసులో ఏది ముందు చూస్తే అదే వారికి ఇష్టమవుతుందని ఒక మాట ఉంది. నా విషయంలో అది అబద్ధం. నేను మొదట చూసింది ‘మూన్‌రేకర్’. అంతరిక్షంలో లేజర్ తుపాకులతో యుద్ధం చూసి అప్పట్లో నోరు తెరిచాను. ఇప్పుడు టీవీలో వస్తే అరగంట కూడా కూర్చోలేను. మనిషి ఎదిగే కొద్దీ బాండ్ నుంచి అడిగేది మారుతుంది.

నేను అడిగేది ఒకటే. ఈ మనిషి గూఢచారి అంటున్నారు కదా, గూఢచారి పని ఎక్కడైనా చేస్తున్నాడా? చాలా సినిమాలలో చేయడు. తన అసలు పేరు చెప్పుకుంటూ విలన్ ఇంటికే వెళతాడు, విలన్ పథకమంతా వివరంగా చెబుతాడు, తర్వాత పేలుళ్లు. అందరూ తలకెత్తుకునే ‘గోల్డ్‌ఫింగర్’నే తీసుకోండి. 1964 నాటి ఆ సినిమాలో ఆస్టన్ మార్టిన్ డీబీ5 కారు అద్భుతం, పాట అద్భుతం. కానీ రెండో సగంలో బాండ్ చాలాసేపు బందీగానే ఉంటాడు. చివరికి బాంబును ఆపేది కూడా అతను కాదు, ఒక నిపుణుడు వచ్చి మీట నొక్కి ఆపుతాడు. గడియారం బాండ్ గూఢచారి సంఖ్య అయిన 007 దగ్గర ఆగుతుంది. చప్పట్లు మాత్రం బాండ్‌కు.

ఇక నా సినిమా. అప్పటి చెకోస్లోవేకియాలోని బ్రాటిస్లావాలో రాత్రి సంగీత కచేరీ జరుగుతోంది. విరామ సమయంలో కోస్కోవ్ అనే సోవియట్ జనరల్ హాలు నుంచి తప్పించుకుని పశ్చిమ దేశాలవైపు రావాలి. అతన్ని చంపడానికి సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ షూటర్ ఒకరు కాపు కాస్తారని సమాచారం. ఎదురు భవనంలో చీకటి గదిలో బాండ్ రైఫిల్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పక్కన సాండర్స్ అనే బ్రిటిష్ అధికారి, నియమాల పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించే రకం. కిటికీలో తుపాకీ మొన కనిపిస్తుంది. బాండ్ రైఫిల్ దుర్భిణిలోంచి చూస్తే తుపాకీ పట్టుకున్నది ఇందాక కచేరీలో చెల్లో, అంటే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం, వాయించిన అమ్మాయి. ఒక్క క్షణం ఆగుతాడు. ఆమెను చంపకుండా ఆమె చేతిలోని తుపాకీని కొడతాడు.

సాండర్స్ మండిపడతాడు. కావాలనే గురి తప్పించావు, పైకి రిపోర్టు రాస్తానంటాడు. రాసుకో, ఉద్యోగం పోతే అదే పదివేలు అన్న ధోరణిలో బాండ్ జవాబిస్తాడు. అతని మాటల సారం ఇది: నేను చంపేది వృత్తిగా చంపేవారిని, ఆ అమ్మాయికి తుపాకీ ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. ఈ ఘట్టం బాండ్‌ను సృష్టించిన రచయిత ఇయాన్ ఫ్లెమింగ్ సినిమా పేరుతోనే రాసిన చిన్న కథ నుంచి వచ్చింది. కథలో అది బెర్లిన్, అక్కడా చెల్లో అమ్మాయే, అక్కడా పక్కనున్న అధికారికి కోపమే. సినిమావాళ్లు ఆ చిన్న కథను దాదాపు అలాగే ఉంచి దాని చుట్టూ మిగతాదంతా అల్లారు.

నాది ఆడిట్ ఉద్యోగం. ఎదురుగా పెట్టిన కాగితం నిజం చెబుతోందా, లేక మనం వినాలనుకున్నదే వినిపిస్తోందా అని చూడటం మా పని. అందుకే తర్వాతి గంట నాకు అంత ఇష్టం. కోస్కోవ్ బ్రిటన్ చేరి, జనరల్ పుష్కిన్ అనే కేజీబీ అధిపతి బ్రిటిష్ గూఢచారులందరినీ చంపిస్తున్నాడని చెబుతాడు. పైవాళ్లు నమ్ముతారు, పుష్కిన్‌ను చంపమని బాండ్‌ను ఆదేశిస్తారు. బాండ్‌కు నమ్మకం కుదరదు. పుష్కిన్ తనకు తెలిసినవాడు, అలాంటి పని చేసే మనిషి కాదని అతని అనుమానం. దాంతో నేరుగా పుష్కిన్ ఉన్న మొరాకో నగరం టాంజియర్స్ వెళ్లి పిస్తోలు తీయకుండా, వెనక్కి బ్రాటిస్లావా వెళ్లి ఆ చెల్లో అమ్మాయి కారాను వెతుకుతాడు. ట్రాములో ఆమెను వెంబడిస్తాడు. ఆమె తుపాకీలో ఉన్నవి ఉత్తుత్తి తూటాలని తేలుతుంది. అంటే హత్యాయత్నం నాటకం, కోస్కోవ్ వలస నాటకం, ఆదేశానికి ఆధారమైన ఫైలంతా నాటకం. మూల రికార్డు తీసి చూస్తే తప్ప బయటపడని మోసమిది. ఈ సన్నివేశం వచ్చినప్పుడల్లా మా ఆఫీసులో కొందరికి చూపించాలనిపిస్తుంది.

సాండర్స్ గురించి ఇంకాస్త చెప్పాలి. ఈ సినిమాకు ఆయువుపట్టు నా దృష్టిలో హీరోయిన్ కాదు, విలన్లు అసలే కాదు, ఈ సాండర్స్. కోస్కోవ్‌ను సరిహద్దు దాటించడానికి అతను వేసుకున్న ప్రణాళికను బాండ్ చివరి నిమిషంలో పక్కన పెట్టేస్తాడు. ఎలా పంపుతున్నావని అడిగితే 26వ సెక్షన్, 5వ పేరా ప్రకారం అది అవసరమైనవారికే చెప్పాలంటూ నియమాల పుస్తకాన్నే అతని మీద తిప్పికొడతాడు. అలాంటి మనిషి సగం సినిమా గడిచాక వియన్నాలో మళ్లీ కలుస్తాడు. బాండ్ అడిగిన సాయం అయిష్టంగా ఒప్పుకుంటాడు, కానీ పని శ్రద్ధగా చేస్తాడు. కారా చెల్లో ఒక స్ట్రాడివేరియస్, అంటే చాలా ఖరీదైన పాతకాలపు వాద్యం. దాన్ని ఎవరు కొన్నారో కూపీ లాగి, ఆయుధాల వ్యాపారి విటకర్ దగ్గర తేలుస్తాడు. జెయింట్ వీల్ తిరిగే ప్రాటర్ పార్కులోని కాఫీ దుకాణంలో ఆ సమాచారం అందిస్తాడు. బాండ్ మెచ్చుకుంటాడు. ఇద్దరి మధ్య మొదటిసారి కాస్త స్నేహం కనిపిస్తుంది. సాండర్స్ లేచి బయటికి నడుస్తాడు. పక్కకు జరిగే అద్దాల తలుపును కోస్కోవ్ వైపు హంతకుడు నెక్రోస్ ముందే ఉచ్చుగా మార్చి ఉంచాడు. అంతే.

తర్వాత ఒక బెలూన్ దొర్లుకుంటూ వస్తుంది, దాని మీద గూఢచారులకు మరణం అని రష్యన్ మాటలు. బాండ్ దాన్ని చేత్తో పగలగొడతాడు. ఆ క్షణంలో డాల్టన్ ముఖం చూడండి. పిస్తోలు తీసి, పొదల వెనుక కదులుతున్న బెలూన్ల వైపు పరుగెత్తి గురిపెడతాడు. అక్కడున్నది ఒక పిల్లవాడు, వాడి తల్లి. ఇంకొక క్షణంలో ఏం జరిగేదో అతనికి అర్థమవుతుంది. ఇలాంటి తడబాటు మూర్ బాండ్‌కు ఎవరూ రాయరు, రాసినా నప్పదు. డాల్టన్ రంగస్థలం నుంచి, షేక్‌స్పియర్ నాటకాల నుంచి వచ్చినవాడు. ఈ పాత్ర కోసం ఫ్లెమింగ్ నవలలు తిరగేసి, ఉద్యోగంతో విసిగిన మనిషిని వాటిలోంచి పట్టుకొచ్చాడు. తమాషా ఏమిటంటే, నిర్మాతలు ముందు ఎంచుకున్నది పియర్స్ బ్రాస్నన్‌ను. అమెరికాలో అతను చేస్తున్న టీవీ ధారావాహికను పొడిగించడంతో ఒప్పందం అడ్డొచ్చి అవకాశం చేజారింది. ఆ టీవీవాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

బరువైన విషయాలే చెబుతున్నానని సినిమా ఏడుపుగొట్టుదనుకోకండి. వెంబడిస్తున్న సైనికుల నుంచి తప్పించుకోవడానికి బాండ్, కారా ఇద్దరూ చెల్లో పెట్టెలో కూర్చుని మంచు మీద జారుతూ సరిహద్దు గేటు కింది నుంచి దాటే ఘట్టం మా ఇంట్లో పిల్లలకు ఎప్పుడు చూపించినా కేరింతలే. ఈల వేస్తే పనిచేసే తాళాల గుత్తి ఉంది. చివర్లో విమానం వెనుక తెరిచిన తలుపు నుంచి వేలాడే సరుకుల వల మీద బాండ్, హంతకుడు నెక్రోస్ కొట్టుకునే పోరాటం ఉంది. దాన్ని బీజే వర్త్, జేక్ లంబార్డ్ అనే ఇద్దరు స్టంట్‌మెన్ నిజంగా గాలిలో ఎగురుతున్న విమానం బయట వలకు వేలాడి చేశారు. ఇప్పటి కంప్యూటర్ పోరాటాలకు అలవాటుపడిన కళ్లకు కూడా తేడా తెలుస్తుంది.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. విటకర్ బొమ్మ సైనికులతో ఆడుకునే బోలు విలన్. అఫ్గానిస్తాన్ భాగం, అంటే మొరాకోలో తీసిన చివరి మూడో వంతు, మొదటి గంటన్నర కట్టిన బిగువును సడలిస్తుంది. సోవియట్ సేనలతో పోరాడే అక్కడి ముజాహిదీన్‌ను గుర్రాల మీది వీరులుగా చూపించిన తీరు తర్వాతి చరిత్ర తెలిసినవారికి ఇబ్బందిగానే ఉంటుంది.

మా ఇంట్లో ఈ ఓటుకు నాకు తోడు ఎవరూ లేరు. మా బాబాయికి బాండ్ అంటే మొదట మన కృష్ణ. 1966 నాటి ‘గూఢచారి 116’, 1971 నాటి ‘జేమ్స్ బాండ్ 777’ చూసిన తర్వాతే ఆయన ఆంగ్ల సినిమాల వైపు వెళ్లాడు. ఆయన ఓటు మూర్ నటించిన ‘ది స్పై హూ లవ్డ్ మీ’కి. ‘ఒరే, కొండ అంచు నుంచి మనిషి దూకి, జెండా రంగుల పారాచ్యూట్ విప్పుకునే దాకా హాల్లో ఎవరూ ఊపిరి పీల్చలేదు. మీవాడేమో ఆడపిల్లను చూసి గురి తప్పిస్తాడు. వాడేం బాండ్‌రా?’ అంటాడు. ఆ దూకే ఘట్టానికి నేనూ దండం పెడతాను. కెనడాలోని బాఫిన్ దీవిలో రిక్ సిల్వెస్టర్ అనే స్టంట్‌మన్ నిజంగా దూకాడు. కళా దర్శకుడు కెన్ ఆడమ్ నిర్మించిన నౌక సెట్ కోసం పైన్‌వుడ్ స్టూడియోలో ప్రత్యేకంగా ఒక పెద్ద స్టేజీయే కట్టారు. భారీతనమే కావాలంటే బాబాయి చెప్పిందే సరైనది. ఆయన్ను ఉడికించాలంటే మాత్రం మన దేశంలో తీసిన మరో మూర్ సినిమా ‘ఆక్టోపస్సీ’ పేరెత్తుతాను. ఉదయ్‌పూర్ సరస్సులు, ఆటోరిక్షా నడిపే టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ చూడటానికి బాగుంటారు. నిప్పుల మీద నడిచేవారు, కత్తులు మింగేవారు, పాములవాళ్లు అంటూ మన దేశాన్ని సంతలా చూపించడం నాకు మింగుడుపడదు. ఆయన మాత్రం ‘మనవాళ్లు ఉన్నారు కదరా’ అని సరిపెట్టుకుంటాడు.

మా అక్క కూతురిది గట్టి వాదన. దాని ఓటు 2006 నాటి ‘కసీనో రాయల్’కు. ‘మామయ్యా, మీ డాల్టన్ మొదలుపెట్టినదాన్నే క్రెయిగ్ పూర్తి చేశాడు. పైగా మా విలన్ బోలు కాదు’ అంటుంది. రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు, మ్యాడ్స్ మికెల్సన్ పేకాట బల్ల దగ్గర కూర్చుంటే చాలు భయం వేస్తుంది. మొదటి మాట ఒప్పుకోను. క్రెయిగ్ అక్కడ బాండ్‌గా తయారవుతున్న మనిషి, దెబ్బలు తిని రాటుదేలుతున్నవాడు. డాల్టన్ ఎప్పుడో తయారైపోయి, ఆ పని ఎంతకాలం చేయగలనా అని లోలోపల లెక్క వేసుకుంటున్నవాడు. నలభైలు దాటిన ఉద్యోగస్థుడికి ఎవరు దగ్గరగా అనిపిస్తారో దానికి ఇప్పుడే అర్థం కాదు.

‘స్కైఫాల్’ గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక మాట. షాంఘై భవనంలో నీలి వెలుగులో నీడల పోరాటం, రోజర్ డీకిన్స్ ఛాయాగ్రహణం ఈ వరుసలోనే అందమైనవి. అయితే విలన్ సిల్వా పథకం నడవాలంటే భూగర్భ రైలు కూడా అతను కోరుకున్న నిమిషానికే రావాలి. ఆడిట్‌లో ఇది నిలవదు.

డాల్టన్ 1989లో ‘లైసెన్స్ టు కిల్’ కూడా చేశాడు. తర్వాత కోర్టు వివాదాలతో ఆరేళ్లు బాండ్ సినిమాయే రాలేదు, ఆలోగా అతను తప్పుకున్నాడు. రెండు సినిమాలతో ముగిసింది. మీరు కొత్తగా చూడబోతుంటే ముందు ‘ది లివింగ్ డేలైట్స్’ చూసి, తర్వాత రెండోది చూడండి. అది దీనికన్నా కరకుగా, రక్తసిక్తంగా ఉంటుంది. పిల్లలతో కూర్చుని చూసేది కాదు. ఇంకో మాట, సంగీతం మీద ఇష్టమున్నవారు ‘డేలైట్స్’లో చివరి కచేరీ దాకా లేవవద్దు. కారా వాయిస్తుంటే వాద్యబృందాన్ని నడిపించే పెద్దమనిషి ఎవరో కాదు, జాన్ బారీ. దశాబ్దాలపాటు బాండ్ సినిమాలకు సంగీతం కూర్చిన ఆయనకు ఇదే ఆఖరి బాండ్ చిత్రం.