కుక్క కుంటుతోంది, చెవుల్లో గోమార్లు: చెన్నైలో ఇది లైమ్ జబ్బేనా?

మీరు అడిగింది ఇదీ: చెన్నై వేళచ్చేరిలో అపార్ట్‌మెంట్, మూడేళ్ల లాబ్రడార్, 28 కిలోలు. నాలుగు రోజులుగా కుంటుతోంది, నిన్న ముందు కాలు, ఇవాళ వెనక కాలు. తిండి తగ్గించింది. రెండు వారాల కిందట చెవుల్లోంచి గోమార్లు తీశారు. నెట్‌లో వెతికితే లైమ్ డిసీజ్ అని వచ్చింది. కిడ్నీలు పాడవుతాయా, ఇంట్లో ఉన్న చిన్నపిల్లకి అంటుకుంటుందా అని మీ భయం.

ముందు ఒక్క మాట. కాలు మార్చి కాలు కుంటడం, తిండి తగ్గడం, గోమార్లు, ఈ మూడూ కలిపి వెతికితే ఇంటర్నెట్ లైమ్ అనే చెబుతుంది. ఎందుకంటే ఆ రాతల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి వచ్చినవే. చెన్నైలో ఇవే లక్షణాలకి మొదట అనుమానించాల్సింది ఇక్కడ అందరూ టిక్ ఫీవర్ (టిక్ అంటే గోమారే) అని పిలిచే జబ్బుల గుంపుని: ఎర్లిషియా, అనాప్లాస్మా, బబేసియా.

కారణం గోమారిలోనే ఉంది. లైమ్ తెచ్చే బొరేలియా బ్యాక్టీరియాని మోసేది ఇక్సోడెస్ జాతి గోమారి. అమెరికాలో నల్లకాళ్ల గోమారి, యూరప్‌లో ఇక్సోడెస్ రిసినస్. చలి, తేమ, చెట్టూచేమా, జింకలు, అడవి ఎలుకలు ఉన్నచోట అది బతుకుతుంది. ఆ జబ్బుకి పేరిచ్చిన లైమ్ ఊరు అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఉంది. మన దేశంలో ఇక్సోడెస్ గోమార్లు ఉన్నది ప్రధానంగా హిమాలయాల వైపు, ఈశాన్య రాష్ట్రాల వైపు. మీ కుక్క చెవిలో దొరికింది దాదాపు కచ్చితంగా బ్రౌన్ డాగ్ టిక్, అంటే రిపిసెఫాలస్. అది లైమ్‌ని మోయదు. రక్తం తాగి ఉబ్బిన ఆడది బూడిదరంగులో ఆముదం గింజలా ఉంటుంది. లాటిన్‌లో రిసినస్ అంటే గోమారి అనే అర్థం. గింజ దాన్ని పోలి ఉందనే ఆముదం చెట్టుకి శాస్త్రీయ నామంలో ఆ పేరు పెట్టారు.

అయినా కిడ్నీల సంగతి అడిగారు కాబట్టి లైమ్ గురించి చెప్పాల్సింది చెబుతాను. గోమారి సాధారణంగా ఒకటి రెండు రోజులు పట్టుకుని ఉంటేనే బొరేలియా కుక్కలోకి దిగుతుంది. దిగినా చాలా కుక్కలకి ఏమీ కాదు, రక్తంలో యాంటీబాడీలు మాత్రం కనపడతాయి. జబ్బు పడేవాటికి కరిచిన 2 నుంచి 5 నెలల తర్వాత కీళ్లు వాచి, జ్వరం వచ్చి, కుంటుతాయి. అంటే రెండు వారాల కిందటి గోమారికి ఇవాళ కుంటడం అనే లెక్క కూడా లైమ్‌కి సరిపోదు. అసలు భయపడాల్సింది లైమ్ నెఫ్రైటిస్‌కి. కిడ్నీ వడపోత దెబ్బతిని ప్రోటీన్ మూత్రంలో పోతుంది, ఒళ్లు నీరు పడుతుంది, అక్కడిదాకా వస్తే మందులకి లొంగడం కష్టం. అరుదే గానీ లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లలో ఎక్కువగా చూస్తారు. మీరు చదివి కంగారుపడింది బహుశా ఈ వాక్యమే.

అయితే కిడ్నీ నుంచి ప్రోటీన్ కారడం ఎర్లిషియాలోనూ ఉంది. కాబట్టి పేరు ఏదైనా మూత్ర పరీక్ష చేయించాల్సిందే. ఇంకో సంగతి, లైమ్‌కీ ఎర్లిషియాకీ అనాప్లాస్మాకీ మందు ఒక్కటే, డాక్సీసైక్లిన్, సుమారు నాలుగు వారాలు. అందుకని లైమా కాదా అని తలబద్దలు కొట్టుకోవడం వల్ల మీ కుక్క వైద్యంలో మారేదేమీ లేదు. మార్చేది వేరే ప్రశ్న: బబేసియా ఉందా, లేదా? అది బ్యాక్టీరియా కాదు, ఎర్ర రక్తకణాల్లో దూరే పరాన్నజీవి. ఒక్క డాక్సీతో పోదు. అందులో చిన్న రకమైన బబేసియా గిబ్సొనైని మొట్టమొదట వర్ణించింది ఇక్కడే. 1910లో ప్యాటన్ అనే శాస్త్రవేత్త మద్రాస్ హంట్ వేటకుక్కల రక్తంలో దాన్ని చూశాడు. ఈ ఊరికి అది కొత్త చుట్టం కాదు.

ఇవాళే చేయాల్సినవి. డిజిటల్ థర్మామీటర్ కొనకి కాస్త వాజెలిన్ రాసి మలద్వారంలో పెట్టి జ్వరం చూడండి. కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే, 103 దాటితే జ్వరం. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు గులాబీరంగుకి రావాలి. చిగుళ్లు సున్నంలా పాలిపోయినా, పసుపుపచ్చగా ఉన్నా, మూత్రం కోలా రంగులో పోసినా, ముక్కులోంచి రక్తం వచ్చినా, పొట్టచర్మం మీద ఎర్రటి చుక్కలు కనపడినా రేపటిదాకా ఆగకండి, రాత్రయినా బయల్దేరండి. మూత్రం రంగు చూడాలంటే తెల్ల టైల్ మీదో, తెల్ల కాగితం మీదో పోయించండి. మట్టి మీద ఏ రంగూ తెలియదు.

డాక్టర్ దగ్గర అడగాల్సింది మొదట సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, దాంతోపాటు బ్లడ్ స్మియర్, అంటే రక్తపు బొట్టుని గాజు పలకమీద పరిచి మైక్రోస్కోప్‌లో చూడటం. ప్లేట్‌లెట్లు కుక్కకి సుమారు 2 నుంచి 5 లక్షలు ఉండాలి. ఎర్లిషియాలో ఇవి పడిపోతాయి. కానీ ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపుగా అతుక్కుపోతే మెషీన్ తక్కువ అంకె చూపిస్తుంది. 40 వేలు అని రిపోర్టు రాగానే బెంబేలెత్తకుండా, స్మియర్ మీద కంటితో కూడా లెక్కించమని అడగండి. బబేసియా కోసం స్మియర్‌కి చెవి అంచున గుచ్చి తీసిన తాజా బొట్టు మేలు. పురుగు పట్టిన కణాలు సన్నటి రక్తనాళాల్లో ఎక్కువగా చేరతాయి. స్మియర్‌లో ఏమీ కనపడలేదంటే జబ్బు లేదని కాదు, ముఖ్యంగా గిబ్సొనై విషయంలో. అనుమానం మిగిలితే పీసీఆర్, అంటే క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష. దానికి ఊదా మూత ట్యూబులో రక్తం, అదీ మొదటి డాక్సీ మాత్ర పడకముందే తీయించాలి. మందు మొదలయ్యాక ఎర్లిషియా పీసీఆర్ నెగెటివ్ వస్తే ఆ రిపోర్టుని నమ్మలేం.

క్లినిక్‌లో పది నిమిషాల్లో చేసే చుక్కల కిట్ ఉంటుంది. హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు), ఎర్లిషియా, అనాప్లాస్మా, లైమ్, నాలుగూ ఒకే పలకమీద. గందరగోళం పుట్టేది ఇక్కడే. హార్ట్‌వార్మ్ తప్ప మిగతా మూడూ యాంటీబాడీ పరీక్షలు, అంటే క్రిమిని కాదు, దానికి ఎదురుగా ఒళ్లు తయారుచేసుకున్నవాటిని వెతుకుతాయి. జబ్బు మొదటి వారంలో ఎర్లిషియా చుక్క రాకపోవచ్చు, ఎప్పుడో వచ్చి తగ్గిన జబ్బుకి చుక్క నెలల తరబడి ఉండిపోవచ్చు. లైమ్ చుక్క వచ్చి, కుక్క ఎప్పుడూ చెన్నై దాటకపోతే ఫలితాన్ని అనుమానంతో చూడాలి. విదేశం నుంచి తెచ్చిన కుక్కయినా, హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కి తీసుకెళ్లినదైనా అప్పుడు నమ్మొచ్చు. బబేసియా ఆ పలకమీద అసలు లేనేలేదు. నాలుగూ నెగెటివ్ అని ఇంటికి పంపేస్తే బబేసియా మాట మీరే ఎత్తండి.

వీటితోపాటు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్), మూత్రంలో ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి, అంటే యూపీసీ. అది 0.5 దాటితే కిడ్నీ ప్రోటీన్ వదులుతోందని అర్థం. మూత్రంలో రక్తమో ఇన్‌ఫెక్షనో ఉంటే ఈ అంకె ఊరికే పెరుగుతుంది. అందుకని ఒక్కసారి ఎక్కువ వచ్చిందని కిడ్నీ జబ్బు ముద్ర వేయకండి, రెండు మూడు వారాలకి మళ్లీ చూడాలి.

మందు. ఎర్లిషియాకి డాక్సీసైక్లిన్ కిలోకి రోజుకి 10 మి.గ్రా., 28 రోజులు. మీ 28 కిలోల కుక్కకి రోజుకి 280, ఆచరణలో 300 మి.గ్రా.: 100 మి.గ్రా. మాత్ర ఒకటిన్నర పొద్దున, ఒకటిన్నర రాత్రి. ఇది చెప్పింది డాక్టర్ రాసినదాన్ని సరిచూసుకోవడానికే, సొంతంగా మొదలుపెట్టమని కాదు. క్యాప్సూల్‌ని సగం చేయలేం కాబట్టి షాపులో విరిచే మాత్రే అడగండి. ఖాళీ కడుపున వేస్తే వాంతి కావచ్చు. తిండి మధ్యలో పెట్టి, ఆపైన సిరంజితో 10 మి.లీ. నీళ్లు పట్టండి. మాత్ర గొంతుగొట్టంలో అంటుకుంటే అక్కడ పుండు పడుతుంది. మన ఇళ్లలో చేసే పొరపాటు ఇంకోటుంది, మాత్రని పెరుగన్నంలో దాచడం. పాలు, పెరుగులోని కాల్షియం మందుని పట్టేసుకుంటుంది. ఐరన్ టానిక్, కడుపు పుండ్లకి ఇచ్చే సుక్రాల్ఫేట్ సిరప్ కూడా అంతే. రెండు గంటల ఎడం ఉంచండి. మాత్ర పెట్టడానికి కోడిమాంసం ముక్క, ఉడికించిన గుడ్డు బాగా పనికొస్తాయి.

ఎర్లిషియా ఒక్కటే అయితే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగి, గిన్నె నాకుతుంది. అప్పుడే అసలు ప్రమాదం: పదో రోజుకి బాగుంది కదా అని మానేస్తారు. జబ్బు లోపల నక్కి, నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో ఎముక మజ్జని పట్టుకుంటుంది. ఆ దశలో ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ పడిపోతాయి, కోలుకోవడం అనుమానమే. 28 అంటే 28. వారానికొకసారి, చివర్లో ఒకసారి సీబీసీ.

మూడు రోజులకీ మార్పు లేకపోయినా, ప్లేట్‌లెట్లు పెరుగుతూ హిమోగ్లోబిన్ మాత్రం దిగుతున్నా బబేసియా కోసం మళ్లీ వెతకాలి. పెద్ద రకం బబేసియాకి ఇమిడోకార్బ్ ఇంజెక్షన్, రెండు వారాల తేడాతో రెండు డోసులు. నొప్పి పెడుతుంది, చొంగ కారుస్తుంది, అందుకే ముందు అట్రోపిన్ ఇస్తారు. గిబ్సొనైకి ఇది సరిగా పనిచేయదు. దానికి అటోవాక్వోన్ కిలోకి 13.3 మి.గ్రా. రోజుకి మూడుసార్లు, అజిత్రోమైసిన్ కిలోకి 10 మి.గ్రా. రోజుకొకసారి, పది రోజులు. అటోవాక్వోన్ కొవ్వున్న తిండితోనే ఒంటికి పడుతుంది, ఇక్కడ నెయ్యి పనికొస్తుంది. మనుషుల మలేరియాకి ప్రోగ్వానిల్‌తో కలిపి వచ్చే మాత్ర ఇస్తే కుక్క వాంతులు చేసుకోవచ్చు. ఈ మందు ఖరీదు, వెంటనే దొరకకపోవచ్చు. అలాంటప్పుడు క్లిండామైసిన్, మెట్రోనిడజోల్, డాక్సీ మూడూ కలిపి ఎక్కువ రోజులు వాడే పద్ధతి కూడా ఉంది, అది డాక్టర్ నిర్ణయం. రక్తం ఎక్కించాల్సినంత దిగజారితే చిన్న క్లినిక్‌లో కాలయాపన చేయకుండా వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి లాంటి పెద్దచోటికి వెళ్లండి.

కుంటుతోంది పాపం అని క్రోసిన్, కాంబిఫ్లామ్, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ ఏదీ వేయకండి. వీటిలో కొన్ని కడుపులో పుండ్లు చేస్తాయి, కొన్ని కిడ్నీనో కాలేయాన్నో దెబ్బతీస్తాయి. ప్లేట్‌లెట్లు లేని కుక్కకి కడుపులో రక్తం కారితే ఆపడం కష్టం. బొప్పాయి ఆకు రసం గురించి ఎవరో ఒకరు చెప్పకమానరు. దాన్ని నమ్ముకుని డాక్సీని రెండు రోజులు వాయిదా వేస్తే ఆ రెండు రోజులే కొంప ముంచుతాయి.

ఇక ఇల్లు. దీన్ని వదిలేస్తే పైన చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. బ్రౌన్ డాగ్ టిక్ ప్రతి దశలోనూ రక్తం తాగాక కుక్కమీంచి దిగిపోయి గోడ ఎక్కుతుంది. తలుపు చట్రం వెనక, గోడ-సీలింగ్ కలిసే గీతలో, స్విచ్ బోర్డు వెనక, కర్టెన్ మడతల్లో దూరి, ఒక్కో ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్క పడుకునే మూలకి ఎగువన టార్చి వేసి చూడండి, గోడమీద పాకుతూ దొరుకుతాయి. చెన్నైలో చలికాలం అంటూ లేదు కాబట్టి ఏడాది పొడుగునా ఇదే తంతు. నెర్రెలు వైట్ సిమెంట్‌తోనో పుట్టీతోనో పూడ్చండి. పరుపు గుడ్డలు 60 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో ఉతకండి. పెస్ట్ కంట్రోల్ వాళ్లకి బొద్దింకలకి కాదు, గోమార్లకి అని నొక్కి చెప్పి, నేలకి కాకుండా పగుళ్లలోకి కొట్టించండి. గుడ్లు మందుకి చావవు, రెండు మూడు వారాలకి రెండోసారి తప్పదు. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ అనే పురుగుమందు వద్దు, పిల్లికి విషం.

కుక్కకి గోమార్లని చంపే మాత్రల్లో ఏదో ఒక్కటి: నెక్స్‌గార్డ్ లేదా సింపారికా అయితే నెలకొకటి, బ్రవెక్టో అయితే మూడు నెలలకొకటి, బరువుని బట్టి. మూర్ఛలు వచ్చిన చరిత్ర ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పండి. ఇవి గోమారి కరిచాకే దాన్ని చంపుతాయి. ఎర్లిషియా కొన్ని గంటల్లోనే ఎక్కేస్తుంది కాబట్టి దగ్గరికి రాకుండా చూసే ఫ్లూమెత్రిన్ మందున్న మెడపట్టీ కూడా వేయొచ్చా అని అడగండి. కింద స్టిల్ట్ పార్కింగ్‌లో వీధికుక్కలు పడుకునే చోట మీ కుక్కని కూర్చోబెట్టకండి.

గోమారిని తీసేటప్పుడు సన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. కిరోసిన్, అగ్గిపుల్ల, వేపనూనె ఏవీ వద్దు. తీసినదాన్ని గోటితో నలపకుండా స్పిరిట్ సీసాలో వేయండి.

పిల్ల సంగతి. కుక్క నుంచి, దాని చొంగ నుంచి పిల్లకి ఈ జబ్బులు నేరుగా రావు. కానీ అదే గోమారి అప్పుడప్పుడు మనిషినీ కరుస్తుంది, అది తెచ్చే ఇండియన్ టిక్ టైఫస్ మన దేశంలో ఉన్న జబ్బే. ఇక్కడ తమిళంలో ఉణ్ణి కాచ్చల్ అనే మాట స్క్రబ్ టైఫస్‌కి కూడా వాడతారు. అది గోమారి వల్ల కాదు, పొదల్లో ఉండే సన్నటి పురుగు వల్ల వస్తుంది. రెండూ కలిపేసి కుక్కని ఇంట్లోంచి పంపేసేవాళ్లూ ఉన్నారు, ఆ అవసరం లేదు. రోజూ సాయంత్రం పిల్ల చెవుల వెనక, తలలో, చంకల్లో చూడండి. జ్వరం వచ్చి, ముఖ్యంగా ఒంటిమీద దద్దుర్లో నల్లటి పొక్కో కనపడితే, పిల్లల డాక్టర్‌కి మొదటి మాటగానే ఇంట్లో గోమార్లున్నాయని చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగకండి.