చంటిదీ, పెద్దాడూ

అమ్మలూ,

చంటిది నిన్ను బాత్రూముకైనా వెళ్లనివ్వడం లేదనీ, పెద్దాడేమో తలుపేసుకుని మాటే మానేశాడనీ రాశావు. నా పెంపకంలోనే లోపముందా పెద్దమ్మా అని అడిగావు. లేదు తల్లీ. ఇద్దరూ వాళ్ల వయసుకి తగ్గట్టే ఉన్నారు.

చంటిదానికి తొమ్మిదో నెల. నాలుగో నెలలో ఎవరెత్తుకున్నా నవ్విన పిల్ల ఇప్పుడు కొత్తమొహం చూసి ఏడుస్తోందంటే అది మొండితనం కాదు. అమ్మ వేరు, మిగతావాళ్లు వేరని తెలిసొచ్చింది. కనబడని అమ్మ ఎక్కడో ఉందని తెలుసు, ఎప్పుడొస్తుందో తెలీదు. అందుకని దాని కళ్లుగప్పి జారుకోకు. "ఇప్పుడే వస్తా" అని చెప్పి వెళ్లు, తలుపవతల నుంచి మాట్లాడుతూ ఉండు. దోబూచులాడించు. పోయిన మొహం మళ్లీ వస్తుందని ఆ ఆటలోనే నేర్చుకుంటుంది.

నడక గురించి ఇప్పుడే బెంగ వద్దు. 9 నెలలకి నడిచేవాళ్లున్నారు, 17 నెలలకి నడిచేవాళ్లూ ఉన్నారు. 18 నెలలు దాటాక కూడా అడుగు వేయకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి. ఏడాది నిండేసరికి పుట్టినప్పటి బరువుకి దాదాపు మూడింతలవుతారు. ఆ తర్వాత పెరుగుదల నెమ్మదిస్తుంది, ఆకలీ తగ్గుతుంది. అప్పుడు తినడం లేదని నోట్లో కుక్కొద్దు.

ఇక పెద్దాడు. పదమూడేళ్లంటే ఒళ్లు ఒక్కసారిగా సాగే వయసు. పాదాలు, చేతులు ముందు పెరుగుతాయి, నడుము పైభాగం తర్వాత అందుకుంటుంది. గ్లాసులు తన్నేస్తున్నాడంటే నిర్లక్ష్యం కాదు, నిన్నటి కొలత ఇవాళ లేదు. నిద్ర పట్టే వేళ కూడా ఆలస్యమవుతుంది, కానీ 8 నుంచి 10 గంటలు పడుకోవాల్సిందే. కోపం, ఉత్సాహం ముందే ఉరకలేస్తాయి. వాటికి పగ్గం వేసే నుదుటి వెనక మెదడు పాతికేళ్ల దాకా తయారవుతూనే ఉంటుంది.

మా వాడి గొంతు బొంగురుపోయినప్పుడు చుట్టాల ముందు నవ్వాను. ఆ తర్వాత ఎన్నో నెలలు ఎవరొచ్చినా వాడు నోరు విప్పలేదు. ఆ తప్పు నువ్వు చేయకు. మీసం గురించి, మొటిమల గురించి నలుగురిలో మాట ఎత్తొద్దు.

చంటిది నాలుగడుగుల దూరం పాకి, ఆగి, వెనక్కి తిరిగి నిన్ను చూస్తుందే, గమనించావా? నువ్వున్నావని తెలిశాకే ముందుకి పోతుంది. పెద్దాడూ రాత్రి పదింటికి మంచినీళ్ల వంకతో వంటింట్లోకొచ్చి ఊరికే నిలబడితే, అదీ ఆ చూపే. అప్పుడు మార్కులడక్కు. చేతిలో పని ఆపకుండా అక్కడే ఉండు. వాడే మొదలుపెడతాడు, నువ్వు మధ్యలో అందుకోకు.

చంటిదానికి ఎన్ని పళ్లొచ్చాయో రాయి.

మీ పెద్దమ్మ